ఆముదం తాగిన సీటు

మహబూబాబాద్ అని బస్సు బోర్డు మీద రాసుంటది గాని మా నోళ్లల్ల అది మానుకోటనే. ఆ మానుకోటల, రైలు పట్టాలకు ఇవతల మా గల్లీల, మా ఇంటి గోడకు గోడ ఆనుకొని ఫిర్దౌస్ వాళ్ల ఇల్లు. నడుమ గోడ నా భుజాల దాకనే ఉంటది. గందుకే ఆ ఇంట్ల ఏ కూర వండిన్రో, ఏ ఆటో సీటు విప్పిన్రో నాకు అడగకుండనే తెలుస్తది. తెలువకపోతే అడుగుత.

ఫిర్దౌస్ పుట్టింది రఘునాథపల్లిల. తల్లి హాజిరా బీ బొంతలు కుట్టేది. పాత చీరలు, ధోతులు, లుంగీలు ఎవరు తెచ్చిచ్చినా పరుపు లెక్క మెత్తటి బొంత చేసిచ్చేది. తల్లి ఒక కొస నుంచి, బిడ్డ ఇంకో కొస నుంచి కుట్టుకుంట వచ్చి నడుమల కలుసుకునేటోళ్లట. "ఎవరి కుట్టు యాడ ఆగిందో కనబడితే మా అమ్మ విప్పిచ్చేది అవ్వా. ఎవరిది విప్పిచ్చేది అనుకున్నవ్? ఎప్పటికీ నాదే" అని నవ్వుకుంట చెప్తది.

మా గల్లీకి కోడలుగ వచ్చినప్పుడు ఈ పిల్ల నోరే విప్పకపోయేది. నేను గోడ మీదినుంచి పది అడిగితే ఒకటి చెప్పేది. పెనిమిటి జమీల్ ఆటో తోల్తడు, మంచోడు, ఎవరికీ ఎదురు చెప్పడు. మామ రహీం అన్న సీట్ల మిస్త్రీ. చిన్నప్పుడు జనగామ బస్టాండు కాడ ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకొని, ఇక్కడికొచ్చి మార్కెట్ తొవ్వల ఒక శటర్ తీసుకొని దుకాణం పెట్టిండు. ఆటోలు, ట్రాక్టర్లు, కేసముద్రం మార్కెట్‌కు గింజలు మోసే లారీలు, అన్నిటి సీట్లూ ఆయన దగ్గరికే. లారీ డ్రైవర్లు ఆయన కుట్టిన సీటు మీద కూసుంటే నడుము నొవ్వదని చెప్పుకునేటోళ్లు.

ఫిర్దౌస్ ఈ పనిల పడ్డది అనుకోకుండనే. కూతురు కహ్కషాన్ పుట్టినంక, అప్పటికి ఆ బిడ్డ ఇంకా పాకుతనే ఉన్నది, రహీం అన్నకు జ్వరం వచ్చింది. సగం కోసిన రెక్జిన్ ఇంట్లనే పడి ఉన్నది. ఆటో ఆయన వచ్చి వాకిట్ల కూసొని, నా బతుకుదెరువు పోతుందని ఒకటే మొత్తుకునుడు. ఫిర్దౌస్ ఆ ముక్కలు తీసుకొని తన రైకల మిషన్ మీదనే కుట్టిచ్చింది. సూదులు విరిగినయి. సీటు మాత్రం కుదిరింది. రహీం అన్న లేచినంక ఆ సీటును తిప్పి తిప్పి చూసిండు. ఆయనకు మెచ్చుకునుడు రాదు. మర్నాడు ఇంకో రెండు సీట్లు ఇంటికి పంపిండు.

అప్పటిసంది అదే పద్ధతి. జమీల్ కొలతలు, గుడ్డ ఆటోల ఏసుకొస్తడు. ఈమె అరుగు మీద కుడ్తది. ఆయన తీస్కపోతడు. దుకాణంల రహీం అన్న బిగిస్తడు. ఊరందరికీ అది రహీం మిస్త్రీ కుట్టు.

మొన్న రెండు మూడేండ్ల సంది రహీం అన్న చేతులు వణుకుడు మొదలుపెట్టినయి. చాయ్ సాసర్ల పోసుకుంటే సగం బనీన్ మీదనే. దవాఖానల గోలీలు ఇచ్చిన్రు గాని వణుకు ఆగలే. ఇగ నా తోని కాదు, శటర్‌ను జ్యూస్ దుకాణం పెడ్తనంటున్న ఒకాయనకు ఇచ్చేస్త అన్నడు. ఆ మాట విన్న పొద్దు ఫిర్దౌస్ అన్నం తినలే. నేను గోడ కాడ నిలబడి ఎందుకే అని అడిగిన.

"దుకాణంల నేను కూసుంట అవ్వా" అన్నది.

"ఇంట్ల కుట్టుకుంటనే ఉన్నవు గదనే. నీడపట్టున మంచిగనే ఉన్నది గద."

"కొలత ఒకరు తెస్తరు, బిగించుడు ఒకరు చేస్తరు. నడుమల నేను మిషన్‌కు తోక లెక్క. నేను కుట్టిన సీటు మీద మనిషి కూసుంటే ఎట్లుంటదో నేను ఒక్కసారన్న చూసిన్నా? వాడు లావోడా, బక్కోడా, గూనోడా, నాకేం తెల్వది. శటర్ పోతే ఇగ అరుగు మీద ఈ ముక్కలు గూడ రావు."

ఇంట్ల కూడ అడిగింది. వాళ్లు వాళ్లు ఉర్దూల మాట్లాడుకుంటరు గాని ఇన్నేండ్లు గోడ పక్కకు ఉన్నదాన్ని, నాకు అంత సమజ్ అయితది. రహీం అన్న వద్దనలే, సరే అనలే. తెల్లారి నేనే పట్టుకొని అడిగిన.

"ఏం అన్నా, ఆడమనిషి బజార్ల కూసుంటే మంది ఏమంటరో అనా?"

"మంది ఏమంటరు చెల్లె, రెండు రోజులు అంటరు, మూడో రోజు సీటు పట్టుకొని వస్తరు" అన్నడు. "అది కాదు. ఆమె రెక్జిన్ కుడ్తది, మంచిగ కుడ్తది. రెక్జిన్ గల్తీ కుడితే పారేసి ఇంకో ముక్క కోసుకోవచ్చు. అసలు తోలు అట్ల కాదు. దాంట్ల సూది ఒక్కసారి గుచ్చితే ఆ బొక్క మళ్ల పూడదు. తోలు చేతికి రానిదే మిస్త్రీ కాదు. నా పేరు మీద కూసొని ఒక్క తోలు ఖరాబ్ చేసినా ఇన్నేండ్ల ఇజ్జత్ పోతది."

ఈ కాలంల తోలు సీటు ఎవరు తెస్తరని నేను మనసుల అనుకున్న. తెచ్చేటాయన మా వెనక గల్లీలనే ఉన్నడు.

కొమురయ్య అన్న ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైర్ అయి దిగిండు. బస్సు పోయినంక చేతులు ఊరికుండక, జనగామల ఒక డాక్టర్ వాళ్ల ఇంట్ల మూలకు పడి ఉన్న అంబాసిడర్ కారు కొనుక్కొచ్చిండు. ఆ డాక్టర్ షోకుకు సీట్లన్ని అసలు తోలుతోని కుట్టిచ్చుకున్నడట. ఇప్పుడు పెండ్లిళ్లకు ముందు పిల్లా పిలగాన్ని చెరువుల కాడికి, గుళ్ల కాడికి తీస్కపోయి ఫొటోలు తీస్తరు గద, దానికి ఈ పాత కారు బాగ నడుస్తుంది. యుగేందర్ అని ఫొటోల పిలగాడు, భూపాలపల్లిల బొగ్గుబాయిల పనిచేసే ఒక వరుని కోసం ఈ కారు మాట్లాడుకున్నడు. వచ్చి చూసుకొని, అంత మంచిగున్నది తాతా, ఈ చిరుగొక్కటి ఫొటోల పుండు లెక్క కనబడ్తది అని చెప్పి పోయిండట.

చిరుగు ముందు సీటుకు, డ్రైవర్ కూసునే దిక్కు. మొలకు తాళాల గుత్తి కట్టుకొని ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు. తోలు జెర్రిపోతు లెక్క బారుగ చినిగి లోపలి కొబ్బరి పీచు బయటికి వచ్చింది.

ఆ కారు గల్లీల నుంచి పోతుంటే ఎటు పోతున్నవు అన్నా అని అడిగిన. రహీం దుకాణానికి, ఎక్కు చెల్లె అన్నడు. ఎక్కిన.

రహీం అన్న చిరుగు చూసి, వేలు పెట్టి తడిమి, తన చేతులు రెండూ చాపి చూపించిండు. ఆకులు ఊగినట్టు ఊగుతున్నయి. "హన్మకొండ తీస్కపో కొమురన్నా. ఈ చేతులు ఇగ తోలుకు పనికిరావు."

ఆ యాల్టికి ఫిర్దౌస్ అన్నం డబ్బా తీసుకొని వచ్చి ఉన్నది. డబ్బా కింద పెట్టి, కారు తలుపు తీసి, మోకాళ్ల మీద కూసొని చిరుగును ముక్కు ఆనేంత దగ్గరినుంచి చూసింది.

"నేను చేస్త అబ్బాజాన్."

రహీం అన్న డబ్బాను బల్ల మీద పెట్టిండు. తర్వాత తెలుగులనే, మా అందరి ముందట అన్నడు: "చెయ్యి. నిలబడితే దుకాణం చాబీ నీ చేతికి. అతుకు ఊడిపోతే శటర్ జ్యూస్ దుకాణానికి. మళ్ల ఈ ముచ్చట ఇంట్ల రావొద్దు."

"ఇదేందయ్యా, నా సీటు మీద మీ పంచాయితీ" అన్నడు కొమురయ్య అన్న.

"నీకేం పోయింది కాకా, నీ సీటే మంచిగైతది" అన్నది ఫిర్దౌస్.

సీటు అరుగు మీదికి వచ్చింది. నేను ముక్కాలి పీట తెచ్చుకొని గోడకు ఇవతల ఏసుకున్న. ఆ సీటు నిలువుగ పట్టీలు పట్టీలుగ కుట్టి ఉన్నది. తలుపు దిక్కునుంచి రెండో పట్టీ చినిగింది. ఫిర్దౌస్ సీటు వెనక మలిచి దాచిన తోలుల నుంచి చిన్న ముక్క కోసింది. చిరుగు కిందికి ఒక గట్టి గుడ్డ జొనిపింది. దాని మీద సొల్యూషన్ రాసి, తోలు ముక్క పెట్టి, అంచులు కలిపి, నా పొత్రం రాయి అడిగి తీసుకొని బరువు పెట్టింది. తెల్లారి తీసి రంగు అద్దింది. నేను కళ్లద్దాలు పెట్టుకొని చూసిన. అతుకు ఉన్నదని తెలిసినోళ్లకే కనబడ్తది.

కొమురయ్య అన్న సంబురంగ తీస్కపోయిండు. ఆ రోజు నిలబడ్డది. మర్నాడు కూడ నిలబడ్డది. ఆ తెల్లారి కారు ఎండల పెట్టి, పొద్దూకి తీద్దామని కూసున్నడట. ఆ అతుకు కాల్చిన అప్పడం అంచు లెక్క పైకి లేచి ఉన్నది. ఆయన సక్కగ దుకాణానికి పోయిండు. నేను లేను గాని జమీల్ చెప్పిండు. నలుగురు లారీ డ్రైవర్లు ఉండంగనే, "మిస్త్రీ, నీ కోడలు అతికించిందా, ఉమ్ముతోని అంటుపెట్టిందా" అన్నడట.

రహీం అన్న ఆ రాత్రి ఏమీ తిట్టలే. "చెప్పిన గద బేటీ" అన్నడు, అంతే. జ్యూస్ ఆయనకు ఫోన్ చేసి శుక్రవారం నమాజ్ అయినంక రమ్మన్నడు. 

ఫిర్దౌస్ మాత్రం పొద్దుగాలనే కొమురయ్య అన్న ఇంటికి పోయి సీటు మళ్ల విప్పి తెచ్చింది. లేచిన ముక్కను పీకి, వేళ్ల నడుమ రుద్దింది. వాసన చూసింది. పేపర్ చింపి దాని మీద అదిమింది. పేపర్ మీద మిర్చి బజ్జీల పొట్లం లెక్క మరక.

"అవ్వా, ఇటు రా. గిదేం వాసన?"

నేను చూసిన. అది నాకు తెలువని వాసననా. చిన్నప్పుడు మా అవ్వ నా నెత్తికి పెట్టింది గదే. "ఆముదం" అన్న.

ఇద్దరం పోయినం. కొమురయ్య అన్న భార్య పోచమ్మ వదినె పీట మీద కూసొని చింతకాయ కొడ్తుంది. ఆమె ఇంట్ల పీటలు తిరగేసి కింద కూడ తుడిచే మనిషి. ఆ ఇంట్ల దుమ్ముకు కూడ దాక్కోను జాగ దొరకది.

"పెద్దమ్మా, సీటుకు ఏమన్న పూసినవా?" అని అడిగింది ఫిర్దౌస్, తిట్టినట్టు కాదు, సలహా అడిగినట్టు.

"పూయకుంటే ఎట్ల బిడ్డా" అన్నది పోచమ్మ వదినె. "కారు వచ్చినకాన్నుంచి ప్రతి దసరాకు, బండి పూజ చేసే ముందట, సీట్లన్ని ఊడదీపిచ్చి ఆముదం పట్టిస్త. మా నాయిన మోట కొట్టేటప్పుడు తోలు బొక్కెనకు ఆముదం పట్టిచ్చేది. పట్టియ్యకుంటే పలిగిపోదా? చెప్పులకు పట్టియ్యమా? తోలు అంటే తోలే గద."

"మొన్న గూడ పూసినవా?"

"ఆఁ, నువ్వు కొత్త ముక్క పెట్టినవు గద. కొత్తది పాతదాంతోని కలిసిపోవాలె గద అని అతుకు మీద జర ఎక్కువనే పోసిన."

కొమురయ్య అన్న గుమ్మంల నిలబడి విన్నడు. "పోసినవా? నేను ఆ పిల్లను అంతమంది ముందట ఒక మాట అని వచ్చిన. ఇంట్ల ఆముదం చెంబు పెట్టుకొని నువ్వు చెప్పవేందే?"

"నువ్వు అడిగినవా? నలబై ఏండ్ల కాపురంల నువ్వు నన్ను ఒక మాట అడిగి పోయింది ఎన్నడు?"

"ఏం అడగాలె, సీటు మీద ఏం పోసినవే అని రోజూ అడగాల్నా?"

"అడుగు. రోజూ అడుగు. నోరు పడిపోతదా?"

మేం అక్కడ్నుంచి మెల్లగ వచ్చినం. తొవ్వల నేను అన్న, "నడువు, మీ మామకు చెప్దాం. నీ తప్పు ఇసుమంత లేదు. ఆముదం మీద ఏ సొల్యూషన్ అంటుతది?"

ఫిర్దౌస్ ఆగింది. "చెప్తే ఏమైతది అవ్వా? మాట పెద్దమ్మ మీదికి పోతది. సీటు చినిగే ఉంటది. నిలబడితే అన్నడు అబ్బాజాన్. ఎవరి నూనె అని అనలే. నువ్వు గూడ చెప్పకు."

నేను చెప్పకుండ ఉండుడంటే ఎంత కష్టమో ఆ పిల్లకు ఎరుకే. అయినా అడిగింది. నేను ఆ రెండు రోజులు రహీం అన్న ఎదురైతే తొవ్వ మారి పోయిన.

ముందుగాల ఆమె నూనె పీకుదామని చూసింది. మొఖానికి పెట్టుకునే ముల్తానీ మట్టి అంత తెచ్చి తోలు మీద మందంగ పట్టిచ్చింది. మట్టి నూనె తాగింది. దులిపి ఎండల పెడితే లోపల్నుంచి మళ్ల చెమట లెక్క ఊరింది. ఇంకోసారి పట్టిచ్చింది, మళ్ల ఊరింది. అన్ని దసరాల ఆముదం, ఒక్క మట్టికి ఏం పోతది.

మధ్యాహ్నం ఆమె ఊరికే ఆ సీటు ముందట కూసొని చినిగిన పట్టీని ఇటు వంచుకుంట, అటు వంచుకుంట ఉన్నది. నేను ఏందని అడిగిన.

"అవ్వా, ఇంత పాత తోలు వంచితే పటుక్కున విరగాలె. దారం చూడు, పట్టుకుంటే పొడి అయితుంది. తోలు మాత్రం నిన్న కొన్న చెప్పు లెక్క వంగుతుంది. పెద్దమ్మ ఆముదమే దీన్ని బతికిచ్చింది." ఇంకా జరసేపు వంచింది. "నేనే తప్పు తొవ్వల పోయిన. నూనె ఉన్న తోలుకు జిగురెందుకు? కుట్టాలె."

"చిరుగును కుడ్తవా? మచ్చ పడదా?"

"చిరుగును కాదు. ఆ పట్టీనే తీసేస్త."

వెనక సీటుకు వీపు ఆనించే దిండు ఉంటది గద, దాని కిందికి కూసునే సీటు తోలు జానెడు లోపలికి పోయి దాగి ఉంటది. ఎవరికీ కనబడది, ఎవరూ కూసోరు. కాని పోచమ్మ వదినె ఊడదీసి పూసేది కాబట్టి దానికి కూడ అదే ఆముదం, అదే రంగు. ఫిర్దౌస్ వెనక సీటు గూడ విప్పి తెచ్చి, ఆ దాగిన తోలుల నుంచి బారుగ ఒక పట్టీ కోసింది. దాని జాగల రెక్జిన్ ఏసి కుట్టింది. కోసేముందు ఫోన్‌తోని అన్ని దిక్కుల ఫొటోలు తీసుకున్నది. చినిగిన పట్టీ కుట్లు ఒక్కొక్కటి బ్లేడు కొసతోని తెంపింది. పట్టీ ఊడి వచ్చింది. రెండు పక్కల పట్టీలకు పాత బొక్కలు చీమల బారు లెక్క కనబడ్తున్నయి.

ఆ యాల్టికి రహీం అన్న వచ్చి అరుగు చివర మంచం మీద కూసున్నడు. పేపర్ చదువుతున్నట్టు పట్టుకున్నడు. ఆ చేతుల వణుకుకు పేపర్ ఫరఫర అంటనే ఉన్నది, అక్షరం కనబడే పనే లేదు.

"రేపు జుమ్మా" అన్నడు, పేపర్ తోని చెప్పినట్టు.

"ఎరుకే అబ్బాజాన్."

"అది ఒక్కటే ముక్క ఉన్నది."

"ఒక్కటే."

"పక్క పట్టీలకు కొత్త బొక్క పడొద్దు."

"పడది."

చినిగిన పాత పట్టీని కొత్తదాని మీద పరిచి, దాని బొక్కల నుంచే గుర్తులు పెట్టుకుంటదేమో అని నేను అనుకున్న. రైక కుట్టేటప్పుడు మేం అట్లనే చేస్తం. ఆమె పరిచి చూసింది, పక్కకు పెట్టింది. ఎందుకని అడిగిన.

"కొమురయ్య కాక ఇన్నేండ్లు కూసొని కూసొని ఇది సాగింది. దీన్ని చూసి పెడితే కొత్తది గూడ వదులుగ వస్తది. కూసున్నప్పుడు ముడతలు పడ్తది."

వంకర సూది తీసుకున్నది. బొంతలు కుట్టేటప్పుడు కొసల నుంచి నడుమకు వచ్చేదట గద, ఇప్పుడు నడుమనుంచి మొదలు పెట్టింది. పక్క పట్టీల పాత బొక్కలనుంచి సూది పోనిచ్చి, అది కొత్త తోలుకు ఎక్కడ తాకితే అక్కడ్నే గుచ్చుతుంది. ఒక బొక్క ఇటు, ఒక బొక్క అటు. నడుమల బిగువుగ ఉండి, మిగులు ఏమన్న ఉంటే కొసలకు పోయి అంచుకు ఉన్న డోరి తాడు కింద దాగుతదట. ప్రతి కుట్టుకు బొటనవేలుతోని అదుముతుంది, తలకాయ పక్కకు వంచి చూస్తుంది. కహ్కషాన్ బడినుంచి వచ్చి అమ్మా అన్నం అంటే, అవ్వ ఇంట్ల తిను అన్నది. ఆ పిల్ల గోడ దిక్కు చూసింది, నేను లేచిన. అన్నం పెట్టుకుంట కూడ కిటికీల నుంచి చూస్తనే ఉన్న.

నడుమల ఒక్కసారి ఆగింది. సూది గుచ్చబోయి తీసింది, పాత బొక్క కనబడలే. పేపర్ చప్పుడు కూడ ఆగింది.  తర్వాత ఆమె పక్క పట్టీని జర మడిచి, కింద ఆ బొక్క వెతికింది. ఆడ ఎప్పుడో దారం తెగి బొక్క మూతపడ్డట్టుంది, ఆముదం మట్టి కలిసి నిండి. సూది కొసతోని ఆ మట్టి తీసింది. పాత బొక్క తెరుచుకున్నది. పేపర్ మళ్ల ఫరఫర అన్నది.

శుక్రవారం పొద్దుగాల కొమురయ్య అన్న కారు మా గల్లీలకు వచ్చింది. సీటు బిగించిన్రు. ఊరికే చూస్తే ఏం తెలుస్తది, కేసముద్రం దాక పోయి వద్దాం, ఆ తొవ్వల గుంతలకు నిలబడితే ఏ తొవ్వకైనా నిలబడ్తది అన్నడు కొమురయ్య అన్న. ముందట ఆయన, పక్కకు రహీం అన్న. వెనక ఫిర్దౌస్, పోచమ్మ వదినె, నేను. నన్ను ఎవరూ పిలువలే గాని, తలుపు తీసుంటే ఎక్కిన.

కారు ఎగిరి ఎగిరి పడుతుంది. కొమురయ్య అన్న కావాలనే గుంతల్ల దించుతున్నడు. పోచమ్మ వదినె, "బస్సు అనుకుంటున్నవా, మా నడుములు ఇరుగుతయి" అని అంటనే ఉన్నది. ఆయన, "అడగమన్నవు గద, ఇప్పుడు అడుగుతున్న, నిన్న రాత్రి ఏమన్న పోసినవా" అన్నడు. ఆమె మొఖం కిటికీ దిక్కు తిప్పుకున్నది, నవ్వుడు నాకు కనబడ్డది.

పోచమ్మ వదినె అప్పటిదాక లోపల దాచుకున్నట్టుంది, ఒక్కసారి బయట పడ్డది. "రహీమన్నా, మొన్న అతుకు లేచింది నా వల్లనే. ఆముదం పోసిన. ఈ పిల్ల నీకు చెప్పలేదా?"

రహీం అన్న వెనకకు తిరిగిండు. "లేదు."

"చెల్లె గూడ చెప్పలేదా?"

"చెల్లె కూడ చెప్పలే" అన్నడు, నన్ను కొత్తగ చూసినట్టు చూసిండు.

 కేసముద్రం స్టేషన్ కాడ కొమురయ్య అన్నను దిగమని, తను అటు జరిగి డ్రైవర్ జాగల కూసున్నడు. కళ్లు మూసుకొని రెండు చేతులూ సీటు మీద పెట్టి, ఒక్కొక్క పట్టీ మీదినుంచి బొటనవేలు నడిపించిండు. వణికే వేలు ఆ తోలు మీద పురుగు పాకినట్టు పోతుంది. మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ల వాళ్లు మా పక్కనుంచి పోవుకుంట ఈ ముసలాయన ఏం చేస్తున్నడా అని చూస్తున్నరు.

"ఏ పట్టీ మార్చినవ్?" అని అడిగిండు.

"మీరే చెప్పుండ్రి అబ్బాజాన్."

మళ్ల నడిపించిండు. ఒకచోట ఆగిండు. "గిది."

నేను కొమురయ్య అన్న మొఖం చూసిన, ఆయన నా మొఖం చూసిండు. రహీం అన్న చేయి పెట్టింది మూడోదాని మీద, మార్చింది రెండోదాన్ని.

ఫిర్దౌస్ చున్నీ కొస సర్దుకున్నది. రహీం అన్న కళ్లు తెరిచి, మా అందరి మొఖాలు చూసి, తన చేయి పక్కకు చూసుకొని, మెల్లగ తీసేసిండు. దిగి మళ్ల తన జాగల కూసున్నడు. "పోనియ్యి కొమురన్నా. ఎండ ఎక్కుతుంది" అన్నడు.

తిరుగు తొవ్వల పోచమ్మ వదినె ఫిర్దౌస్ చెవుల అడిగింది, "ఇగ ఆముదం పూయొచ్చునా బిడ్డా?"

"పూయి పెద్దమ్మా. జిగురు లేదు, భయం లేదు. గాని భూపాలపల్లి పెండ్లిపిల్ల ఫొటోలు దిగినంక పూయి. ఆమె తెల్లబట్టలు ఏసుకుంటదట."

నమాజ్ అయినంక జ్యూస్ ఆయన వచ్చిండు. నేను ఇంట్ల బియ్యం చెరుగుతున్న, చాట అట్లనే పట్టుకొని గోడ కాడికి పోయిన. రహీం అన్న ఆయనకు చాయ్ తాపి, "నాయినా, స్టేషన్ దిక్కు ఇంకో శటర్ ఖాళీ ఉన్నది, చూసుకో. ఇది ఇయ్యరాదు, మా దాంట్ల మిస్త్రీ ఉన్నది" అన్నడు. ఉన్నది అన్నడు, ఉన్నడు అనలే. ఆయన పోయినంక జేబుల నుంచి చాబీ తీసి మిషన్ మీద పెట్టి, ఫిర్దౌస్ దిక్కు చూడకుండనే లోపలికి పోయిండు. ఆమె ముందుగాల మిషన్‌కు నూనె ఏసింది, తుడిచింది, అప్పుడు చాబీ తీసుకొని చున్నీ కొసకు ముడేసుకున్నది.

సోమవారం జమీల్ ఆటోల మిషన్ ఏసుకొని పోయి దుకాణంల దించిండు. నాకు కేసముద్రంల పని ఉండె, పత్తి గింజలు తెచ్చుకునుడు. బస్సు దిగి ఇంటికి పోకుండ అటు పోయిన. ఫిర్దౌస్ మిషన్ వెనక కూసున్నది. రహీం అన్న పక్కకు స్టూల్ మీద, రెండు చేతుల నడుమ చాయ్ గ్లాసు.

అప్పుడే కాటమయ్య అని కేసముద్రం దిక్కు ట్రాక్టర్ ఆయన సీటు నెత్తిన పెట్టుకొని వచ్చిండు. దింపి రహీం అన్న ముందట పెట్టిండు.

"మిస్త్రీ, కూసుంటే ఇనుము తగులుతుంది. జర చూడు."

రహీం అన్న చాయ్ ఊదుకున్నడు. 

"మిస్త్రీ, నీకే చెప్తున్న."

రహీం అన్న ఒక గుక్క తాగిండు. గడ్డం ఇంత పక్కకు తిప్పి మిషన్ దిక్కు చూపించిండు, అంతే. కాటమయ్య ఆ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, మళ్ల రహీం అన్న దిక్కు చూసిండు.  సీటు ఎత్తుకొని పోయి ఫిర్దౌస్ ముందట పెట్టిండు.

"ఎప్పటికి ఇస్తవ్ అక్కా?"

"ముందుగాల దాని మీద కూసో అన్నా" అన్నది ఫిర్దౌస్, టేపు మెడల ఏసుకొని లేచి. "ట్రాక్టర్ల ఎట్ల కూసుంటవో గట్లనే. స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు పెట్టు. నువ్వు ఏ దిక్కు ఒరుగుతవో నేను చూడాలె."

కాటమయ్య బజారంత చూసుకుంట, సిగ్గుపడుకుంట, నేల మీద పెట్టిన సీటు మీద కూసొని చేతులు గాలిల పెట్టిండు. ఆమె ఆయన చుట్టు ఒకసారి తిరిగి వచ్చి, ఎడమ దిక్కు ఒంగి చూసింది.

"కుడిదిక్కు ఒరుగుతవు. ఎందుకు?"

"వెనకకు తిరిగి నాగలి చూసుకోవాలె గద."

"అవునా, అయితే ఈ దిక్కు మెత్త ఎక్కువ పెట్టాలె" అన్నది ఫిర్దౌస్. సుద్దముక్క తీసుకొని సీటు కుడి దిక్కున బొద్దుగ ఒక గీత గీసింది.